పాత జీపుకి 8/43 తీసి 11/47 క్రౌన్ పెట్టిస్తే: లాభమెంత, మీటరు సంగతేంటి?

సీజే-3బీ, ఎంఎం-540 లాంటి పాత మహీంద్రా జీపులకి దొరుకుతున్న క్రౌన్ (యాక్సిల్ నడుమ చక్రాలను తిప్పే పెద్ద గేరు), టెయిల్ పినియన్ (ఆ క్రౌన్‌ని తిప్పే చిన్న గేరు) జతల మీద, వాటి తర్వాత తప్పనిసరిగా వచ్చే మీటరు దిద్దుబాటు మీద ఈ రివ్యూ. వరంగల్, ములుగు, కరీంనగర్ వైపు తిరిగే బండ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. 8/43 అంటే పినియన్‌కి 8 పళ్లు, క్రౌన్‌కి 43. పెద్ద అంకెను చిన్నదానితో భాగిస్తే వచ్చేదే రేషియో.

తీర్పు ముందే చెప్పేస్తే సరి. హరికేన్ పెట్రోల్ ఇంజిన్, మూడు గేర్ల బాక్సు ఉన్న బండికి 8/39 చాలు. డీజిల్ ఇంజిన్, నాలుగు గేర్లు, హైదరాబాద్ రాకపోకలు ఎక్కువ ఉంటే 11/47 బాగుంటుంది. 11/41 జోలికి పోవద్దు. ఏది పెట్టించినా ఆ రోజు నుంచి మీటరు తక్కువ చూపిస్తుంది. 11/47 అయితే 60 దగ్గర ముల్లు ఆడుతుంటే బండి 75లో పోతుంటుంది. అందుకని మీటరు ఖర్చు కూడా కలుపుకునే బేరం ఆడాలి.

అసలు మన బండిలో ఏముందో ముందు తెలియాలి. ఆర్సీ, పాత బిల్లు, అమ్మినాయన మాట, ఏవీ నమ్మే పని లేదు. ఈ బండ్లు నలుగురైదుగురి చేతులు మారి ఉంటాయి, యాక్సిల్ హౌసింగ్‌కి హౌసింగే మార్చేసినవి ఎన్నో. లెక్కపెట్టడం పది నిమిషాల పని. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒక వెనక చక్రాన్ని మాత్రమే జాకీతో లేపండి. ముందు చక్రాలకి రెండు వైపులా రాళ్లు పెట్టడం మరవొద్దు. పాత జీపుల్లో హ్యాండ్ బ్రేక్ డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే గేర్ల పెట్టె) వెనకాల, వెనక యాక్సిల్‌కి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఉంటుంది. ఒక చక్రం గాల్లో ఉంటే ఆ బ్రేకు బండిని ఆపదు. పైగా షాఫ్ట్ తిరగాలి కాబట్టి దాన్ని ఎలాగూ వదలాల్సిందే. షాఫ్ట్ మీద సుద్దముక్కతో గీత పెట్టి, లేపిన చక్రాన్ని సరిగ్గా 20 చుట్లు తిప్పండి. రెండో చక్రం నేల మీద కదలకుండా ఉంటుంది కాబట్టి 20 చుట్లంటే రెండు చక్రాలూ కలిసి 10 తిరిగినట్టు. షాఫ్ట్ 53 ముప్పావు చుట్లు తిరిగితే 8/43, అంటే 5.38. 48 ముప్పావు అయితే 8/39, అంటే 4.88. 42 ముప్పావుకి కాస్త తక్కువగా ఆగితే 11/47, అంటే 4.27.

టైర్ల కొలత కూడా ఇప్పుడే తీసుకోవాలి. గాలి సరిగ్గా పట్టించి, డ్రైవరు సీట్లో మనిషిని కూర్చోబెట్టి, టైరు మీద, నేల మీద గీత పెట్టి బండిని 10 చుట్లు నెట్టి టేపుతో కొలవండి. 6.00-16 టైరు దాదాపు 22 మీటర్లు వస్తుంది. 7.00-16 వేసుకున్న బండి 23.7 మీటర్ల దాకా పోతుంది. తేడా ఏడెనిమిది శాతం. అంటే 8/43 మీద పెద్ద టైర్లు వేసిన బండి ఇప్పటికే 5.0 రేషియోలో నడుస్తున్నట్టు లెక్క. ఇది చూసుకోకుండా 11/47 పెట్టిస్తే పాత టైర్ల లెక్కలో 3.97 దగ్గర తేలుతుంది. ఆ తర్వాత ‘క్రౌన్ మార్చినంక బండి గుంజుతలేదు’ అని మెకానిక్‌ని తిట్టి లాభం లేదు.

22 మీటర్ల టైరు, టాప్ గేరు (జీపులో టాప్ అంటే సూటిగా ఒకటికి ఒకటి) అనుకుని లెక్క వేద్దాం. 80 కిలోమీటర్ల వేగంలో 8/43తో ఇంజిన్ నిమిషానికి 3,258 చుట్లు తిరుగుతుంది. 8/39తో 2,955. 11/47తో 2,590. 11/41తో 2,259. హనుమకొండ నుంచి జనగామ దాకా నాలుగు వరుసల రోడ్డు మీద 3,258తో నడిచే బండిలో పక్కవాడి మాట వినపడదు. 2,590 దగ్గర మామూలుగా మాట్లాడుకోవచ్చు. ఈ మార్పులో జనం డబ్బు పెట్టేది నిజానికి దీనికే. మైలేజీ కొంచెం పెరగొచ్చు, కానీ దాన్ని చూసుకుని మాత్రం చేయించొద్దు.

నష్టం మొదటి గేరులో తెలుస్తుంది. హరికేన్ బండి మూడు గేర్ల టీ-90 బాక్సులో మొదటి గేరు 2.80. దాన్ని 5.38తో గుణిస్తే మొత్తం తగ్గింపు 15. 8/39తో 13.6కి, 11/47తో 12కి దిగుతుంది. ఐదో వంతు గుంజుడు పోయిందన్నమాట. వడ్ల బస్తాల ట్రాలీ తగిలించి కాలువగట్టు ఎక్కే బండికి ఇది చిన్న విషయం కాదు. మేడారం జాతర రోజుల్లో తాడ్వాయి రోడ్డు మీద పది మందిని ఎక్కించుకుని గంటల తరబడి జరుగుతూ ఆగుతూ పోయే బండిలో అయితే క్లచ్ ప్లేటు వాసనే సాక్ష్యం చెబుతుంది. ‘లో రేంజ్ ఉంది కదా’ అంటారు. ఉంది, ట్రాన్స్‌ఫర్ కేసులో 2.46 తగ్గింపుతో ఉన్న అదనపు నెమ్మది గేరు అది. కానీ పాత ట్రాన్స్‌ఫర్ కేసులో ముందు యాక్సిల్ కలపకుండా లో పడదు, లోపల అడ్డు ఉంటుంది. గట్టి తారు రోడ్డు మీద ముందు యాక్సిల్ కలిపి తిరగడం ఇంకో తలనొప్పి.

హరికేన్‌కి 11/47 వద్దనడానికి ఇంకో కారణం రెండో గేరు. టీ-90లో రెండో గేరు 1.55, దాని పైన వెంటనే టాప్. ఎదురుగాలికో, ఫ్లైఓవర్ ఎత్తుకో టాప్ లాగలేకపోతే రెండుకి దిగాలి. 60లో రెండో గేరంటే 11/47తోనే 3,000 చుట్లు. అటు మూల్గుడు, ఇటు అరుపు, మధ్యలో ఏమీ లేదు. 8/39తో టాప్ గేరే చాలా చోట్ల లాగేస్తుంది. నాలుగు గేర్ల డీజిల్ బండికి ఈ గండి లేదు, తక్కువ చుట్లలోనే గుంజుడు ఉంటుంది. అందుకే దానికి 11/47 నప్పుతుంది.

రేటింగ్ అడిగితే, పెట్రోల్ బండిలో 8/39కి ఐదుకి నాలుగున్నర. డీజిల్‌లో 11/47కి నాలుగు. పెట్రోల్‌లో 11/47కి రెండు. 11/41కి ఒకటి. దానికి గుంజుడు తక్కువన్నది ఒక్కటే బాధ కాదు. 44 నంబరు (డానా 44) వెనక యాక్సిల్‌లో 3.73కి, అంతకంటే కిందికి దిగితే క్రౌన్ బిగించే డిఫరెన్షియల్ కేసు కూడా వేరేది కావాలి. 8/43 కేసు మీద 8/39, 11/47 రెండూ కూర్చుంటాయి. 11/41 కూర్చోదు.

ముందు యాక్సిల్ మరిచిపోతే

ఫోర్ వీల్ బండిలో ముందూ వెనకా ఒకే రేషియో ఉండాలి. దీనికి మినహాయింపు లేదు. వెనక 8/39, ముందు 8/43 ఉంచి ఫోర్ వీల్ వేస్తే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరుగుతాయి, చక్రాలు మాత్రం పది శాతం తేడాతో తిరగాలని చూస్తాయి. బురదలో జారి సరిపెట్టుకుంటాయేమో గాని గట్టి నేల మీద లివరు బిగుసుకుపోతుంది, ఆ పైన జాయింట్ క్రాసో, ట్రాన్స్‌ఫర్ కేసు గేరో పోతుంది. ‘ఫోర్ వీల్ ఎవరు వాడతారన్నా, వెనకది ఒక్కటే మార్చేద్దాం’ అని షెడ్డులో సలహా ఇస్తారు. ఒప్పుకునేట్టయితే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి ఇంట్లో పెట్టించండి. రేపు ఇంకొకరు నడిపేటప్పుడు లివరు లాగితే బండి పాడు కాకుండా అదొక్కటే కాపాడుతుంది. టూ వీల్ డ్రైవ్ బండికి ఈ బాధ లేదు. కొనే క్రమం కూడా ఇదే: ముందు యాక్సిల్ జత చేతికి వచ్చాకే వెనకదానికి డబ్బు కట్టాలి. వెనకవి సులువుగా దొరుకుతాయి, ముందువి వెతకాలి.

జత కొనేటప్పుడు, బిగించేటప్పుడు

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తిరిగినా, కబాడీలో విప్పిన మాల్ తీసుకున్నా మొదట చూడాల్సింది అంకెలు. క్రౌన్ మీద, పినియన్ తల మీద ఒకే జత నంబరు చెక్కి ఉండాలి. ఈ రెండూ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి అరగదీసి తయారు చేసినవి. ఒక సెట్లో క్రౌన్, ఇంకో సెట్లో పినియన్ కలిపి అమ్మినవి, పళ్ల లెక్క సరిపోయినా, ఎంత మంచి మిస్త్రీ బిగించినా కూస్తూనే ఉంటాయి. వాడిన జత అయితే పళ్ల గుంజే వైపు వేలితో తడిమి చూడండి. గుంటలు, గోరుకి తగిలే మెట్టు, వేడికి నీలం తిరిగిన రంగు, వీటిలో ఏ ఒక్కటున్నా తిరిగి ఇచ్చేయండి.

పినియన్ తల మీద జత నంబరు కాకుండా +2, -3, 0 లాంటి ఇంకో అంకె ఉంటుంది. అది థౌలలో (థౌ అంటే ఇంచులో వెయ్యో వంతు) లోతు లెక్క. పాత పినియన్ 0, కొత్తది +2 అయితే లోపలి బేరింగ్ కప్పు కింద షిమ్ముల్లోంచి (సందు సరిచేసే పలుచటి రేకులు) రెండు థౌ తీసేయాలి. -3 అయితే మూడు కలపాలి. ఈ అంకె చూడకుండా పాత షిమ్ములే పెట్టి బిగించడం మనవైపు కనిపించే అతి పెద్ద తప్పు. కొత్త జత వేశాక నెల తిరక్కుండా వచ్చే కూతలో ఎక్కువ భాగం ఇదే.

షెడ్డు బాగుందో లేదో బోర్డు చూసి తెలీదు. మూడు ప్రశ్నలు చాలు. డయల్ గేజ్ ఉందా? థౌ లెక్కన షిమ్ములు పెట్టుకున్నారా? పినియన్ ప్రీలోడ్ (బేరింగుల బిగుతు) దేనితో చూస్తారు? మూడో ప్రశ్నకి ‘చేత్తో తిప్పితే తెలిసిపోద్ది’ అనే జవాబొస్తే అక్కడి నుంచి మర్యాదగా లేచి రావచ్చు. కొత్త బేరింగులకి, సీల్ పెట్టకముందు, 20 నుంచి 40 ఇంచు-పౌండ్ల మధ్య తిరగాలి. దానికి ప్రత్యేక పనిముట్టు లేకపోయినా ఫర్వాలేదు. పినియన్ చివర షాఫ్ట్ తగిలించే యోక్‌కి దారం చుట్టి స్ప్రింగు త్రాసుతో లాగి, లాగిన పౌండ్లని యోక్ వ్యాసార్ధంతో (ఇంచుల్లో) గుణిస్తే లెక్క వచ్చేస్తుంది. ఈ యాక్సిల్‌లో ప్రీలోడ్ కూడా షిమ్ములతోనే కుదురుతుంది, కాబట్టి పినియన్ నట్టుని 200 అడుగు-పౌండ్ల పైన పూర్తిగా బిగించాకే కొలవాలి. నట్టు వదులుగా ఉంచి ప్రీలోడ్ ‘సరిపెట్టడం’ అంటే కొన్నాళ్లకి నట్టు ఊడిపోయేట్టు చేయడమే.

క్రౌన్ పక్క ఆట, అంటే బ్యాక్‌లాష్, ఐదు నుంచి తొమ్మిది థౌ మధ్య ఉండాలి. చుట్టూ మూడు నాలుగు చోట్ల చూడాలి. ఒకచోట ఐదు, ఇంకోచోట పది వచ్చిందంటే క్రౌన్ కింద చెత్తయినా ఉంది, కేసైనా వంకర ఉంది. తర్వాత పళ్లకి మార్కింగ్ రంగు పూసి, క్రౌన్‌ని కొంచెం అడ్డుపట్టి తిప్పి అచ్చు చూడాలి. పంటి నడుమ పడితే సరే. పంటి పైఅంచుకి పోతే పినియన్ దూరంగా ఉంది, షిమ్ము కలపాలి. పంటి మొదలుకి దిగితే లోతెక్కువైంది, తీయాలి. ఈ అచ్చుని ఫోను కెమెరాతో తీసి పంపమని ముందే చెప్పి ఉంచండి. ఆ ఒక్క ఫోటో వారంటీ కార్డు కంటే విలువైనది.

బిల్లులో క్రౌన్ జతతో పాటు రెండు పినియన్ బేరింగులు, రెండు సైడు బేరింగులు, సీలు, కొత్త పినియన్ నట్టు, క్రౌన్ బోల్టులు, కవర్ ప్యాకింగ్ విడివిడిగా రాయించుకోండి. పాత బేరింగుల మీద కొత్త జత బిగిస్తే పై కొలతలన్నీ నీళ్లపాలు. ఆయిలు జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90, ఫిల్లర్ బెజ్జం అంచు దాకా, సుమారు లీటరుంబావు. అదే డబ్బాలో మిగిలింది గేర్ బాక్సులో పోయనివ్వద్దు. సింక్రో ఇత్తడి రింగులకి జీఎల్-5 పడదు, అక్కడ జీఎల్-4 కావాలి. మొదటి ప్రయాణం 20, 25 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, అరగంట చల్లారనివ్వాలి. 800 కిలోమీటర్ల దాకా ట్రాలీ లాగొద్దు, ఆ తర్వాత ఆయిలు మార్చేయాలి.

ఇప్పుడు మీటరు

జీపులో మీటరు కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి తిరుగుతుంది, అంటే క్రౌన్‌కి ముందు. రోడ్డు మీద వేగం అదే ఉన్నా షాఫ్ట్ చుట్లు తగ్గాయి కాబట్టి మీటరుకి అందేది తగ్గుతుంది. 8/43 నుంచి 8/39కి మారితే నిజం 80 ఉన్నప్పుడు 72.6 చూపిస్తుంది. 11/47కి మారితే 63.6. దానికి తోడు 7.00-16 టైర్లు కూడా వేస్తే 59. స్పీడ్ గన్ ఫోటోలో ఏ అంకె పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

దిద్దే ముందు తప్పు ఎక్కడుందో విడదీయాలి. మీటరులో రెండు పనులుంటాయి. కిలోమీటర్ల అంకెలు తిప్పేది పళ్ల చక్రాలు, అందులో అంచనా ఏమీ లేదు, కేబుల్ ఎన్ని చుట్లు తిరిగితే అంతే. ముల్లుని తోసేది తిరిగే అయస్కాంతం. అది అల్యూమినియం గిన్నెను తనతో లాగుతుంటే సన్నటి హెయిర్ స్ప్రింగు వెనక్కి పట్టుకుంటుంది. అయస్కాంతం బలం తగ్గినా, స్ప్రింగు వంగినా ముల్లు తప్పు చెబుతుంది గాని అంకెలు తప్పవు. కాబట్టి మొదట అంకెలు: హైవే కిలోమీటరు రాళ్ల మధ్య 10 కిలోమీటర్లు నడిపి మీటరులో ఎంత కదిలిందో రాసుకోండి. బైపాస్‌ల దగ్గర రాళ్ల లెక్క తేడా రావచ్చు, ఫోను జీపీఎస్‌తో సరిచూడండి. 10కి 7.95 తిరిగితే తప్పు రేషియోది. 10కి 10 తిరిగి, జీపీఎస్‌లో నిలకడగా 60 ఉన్నప్పుడు ముల్లు 52 దగ్గర ఉంటే తప్పు మీటరుది. చాలామంది ఇది చేయకుండా నేరుగా మీటరు రిపేరు షాపుకి పోతారు. ఆయన స్ప్రింగు తిప్పి ముల్లు సరిచేసి పంపుతాడు. అంకెలు మాత్రం ప్రతి 100 కిలోమీటర్లకి 20 తక్కువే తిరుగుతుంటాయి, సర్వీసు లెక్క, మైలేజీ లెక్క అన్నీ తప్పుతాయి.

రేషియో తప్పుకి మంచి మందు, దొరికితే, ట్రాన్స్‌ఫర్ కేసులో కేబుల్‌ని తిప్పే చిన్న గేరు మార్చడం. పళ్లు తగ్గితే కేబుల్ వేగం పెరుగుతుంది. దొరకకపోతే కేబుల్ మధ్యలో బిగించే రేషియో బాక్సు. 8/39కి 1.10 కావాలి, 22/20 పళ్ల జత అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. 11/47కి 1.258 కావాలి, 20/16 జతతో 1.25 వస్తుంది, 80 మీద అర కిలోమీటరు తేడా, పట్టించుకోనక్కర్లేదు. లేత్ వర్క్స్‌లో చేయించుకునేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. రెండే గేర్లు పెడితే తిరిగే దిక్కు మారిపోతుంది. ముల్లు సున్నా కిందికి కొట్టుకుంటుంది, కేబుల్ కూడా అల్లిక విప్పుకునే వైపు తిరిగి తెగుతుంది. మధ్యలో మూడో గేరు తప్పదు. సరిగ్గా చేసిన బాక్సుకి ఐదుకి నాలుగు. ఒక మార్కు తగ్గించింది అది కేబుల్ దారిని వంకర చేస్తుందని. ఆరించుల కన్నా చిన్న వంపు పడితే ముల్లు వణుకుతుంది. గ్రీజు కేబుల్ కింది భాగానికే రాయండి, మీటరు వైపు ఎనిమిదించులు వదిలేయండి. లేదంటే గ్రీజు పైకి పాకి గిన్నెలో చేరి ముల్లుని జిగటలో పడేస్తుంది.

జీపీఎస్ మీటరుకి టైరుతో, క్రౌన్‌తో సంబంధం లేదు, ఆ సుఖం నిజం. కానీ స్టార్ట్ చేయగానే పలకదు, వేగం మారినప్పుడు ఒక క్షణం వెనకబడుతుంది, పాత డాష్ మీద ప్లాస్టిక్ గడియారంలా కనిపిస్తుంది. పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపిన) బండ్లలో వైర్లు మామూలుగా కలిపితే కాలిపోతుంది. సరిచూసుకోవడానికి ఫోను చాలు. మూడు మార్కులు.

అంబాసిడర్ వాళ్ల కోసం క్లుప్తంగా. ముందు యాక్సిల్ గొడవ లేదు. హౌసింగ్ బాంజో రకం, హాఫ్ షాఫ్టులు లాగితే క్రౌన్ మొత్తం బయటికొచ్చి బెంచీ మీద కొలతలు తీయవచ్చు, జీపులోలా బండి కింద పడుకునే పని లేదు. బీఎంసీ బీ-సిరీస్ కుటుంబంలో 8/39, 9/41, 10/43, 10/41, 11/43 జతలు ఉన్నాయి. 5.90-15 టైరుతో 80 దగ్గర 8/39 అయితే సుమారు 3,230 చుట్లు, 9/41 అయితే 3,020. 1489 సీసీ ఇంజిన్‌కి 9/41 దాటొద్దు. ఎంజీ కార్లకని అమ్మే జతలు కొనేముందు పినియన్ స్ప్లైన్, బేరింగు సైజు, క్రౌన్ బోల్టుల దూరం మూడూ కొలిచి చూసుకోవాలి. మీటరు పని జీపు లాంటిదే, కేబుల్ గేర్ బాక్సు తోక నుంచి వస్తుంది.

విప్పిన 8/43 జతని కబాడీకి తూకానికి ఇవ్వకండి. గ్రీజు పూసి, పాత షిమ్ముల మందం, పినియన్ అంకె కాగితం మీద రాసి అందులోనే చుట్టి పెట్టండి. కొత్త రేషియోని డిఫరెన్షియల్ కవరు మీద పెయింటుతో ‘11/47’ అని రాయించండి, ముందు యాక్సిల్ మీద కూడా.